‘ఈఎస్‌పీ32, వైఫై ప్లస్ బ్లూటూత్’ అనే స్టిక్కర్ చూసి బోర్డులు కొనేవారికి హెచ్చరిక

కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు కొనేవారికి, ముఖ్యంగా జెఫిర్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో చిన్న పరికరాలు తయారు చేసుకునేవారికి, పోయిన నెలలో నాకు జరిగిన నష్టం జరగకూడదని ఇది రాస్తున్నాను.

బాటసింగారంలో పండ్ల వ్యాపారం చేసే ఒక పెద్దాయన, తన శీతల గదుల్లో ఉష్ణోగ్రత ఎంత ఉందో తలుపు తీయకుండా బయట నిలబడి ఫోన్‌లో చూసుకునే ఏర్పాటు చేసిపెట్టమని అడిగారు. అక్కడ వైఫై లేదు కనుక బ్లూటూత్ మీదే ఆధారపడాలి. నా దగ్గరున్న పాత ఈఎస్‌పీ32 (వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్న చిప్) బోర్డు మీద ప్రోగ్రాం చక్కగా నడిచాక, అలాంటివే 24 కావాలని గల్లీలో ఒక దుకాణానికి వెళ్లాను. ప్రతి ప్యాకెట్ మీద ‘ఈఎస్‌పీ32, వైఫై ప్లస్ బ్లూటూత్’ అనే తెల్ల స్టిక్కర్ ఉంది. జెఫిర్ నడుస్తుందా అని అడిగితే, ‘నడుస్తది సార్, అన్నీ ఒక్కటే’ అంటూ ఒక బోర్డును తన ల్యాప్‌టాప్‌కు తగిలించి చుట్టుపక్కల వైఫై పేర్లు చూపించారు. ఒక్కొక్కటి 390 రూపాయల చొప్పున 9,360 రూపాయలు కట్టి తెచ్చుకున్నాను.

రెండు రాత్రులు కూర్చుని అన్నిటికీ పిన్నులు సోల్డర్ చేశాను. మూడో రోజు ప్రోగ్రాం ఎక్కించబోతే, ఈ చిప్ ఈఎస్‌పీ32 కాదు, ఈఎస్‌పీ32-ఎస్2 అని చెప్పి, చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఈఎస్‌పీటూల్ ఆగిపోయింది. బోర్డు మీది లోహపు మూతను ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే, చెక్కిన సన్నని అక్షరాల్లో అదే పేరు ఉంది. కొనేటప్పుడు ఆ మూత వైపు నేను చూడనేలేదు.

పేరులో చివరన చేరిన ఆ ‘ఎస్2’ చిన్న తేడా కాదు. ఈఎస్‌పీ32-ఎస్2లో బ్లూటూత్ రేడియోయే ఉండదు. వైఫై మాత్రమే ఉంటుంది. తయారీదారు ఈ సంగతిని తన పత్రాల్లో ఎక్కడా దాచలేదు. దుకాణదారు జెఫిర్ గురించి చెప్పిన మాట కూడా ఒక రకంగా నిజమే కావడం వల్లే నేను మోసపోయాను. జెఫిర్ మద్దతిచ్చే బోర్డుల జాబితాలో ఎస్2 ఉంది; బోర్డు పేరును ఎస్2గా మార్చి ప్రోగ్రాంను బిల్డ్ చేస్తే (చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మారిస్తే) బోర్డు మీది దీపం వెలిగింది, వైఫై కలిసింది, బ్లూటూత్ ఉదాహరణ మాత్రం బిల్డ్ దశలోనే ఆగిపోయింది.

కొనేవారు ఇక్కడే నిదానించాలి. 2016లో లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో మొదలైన జెఫిర్‌లో బ్లూటూత్‌కు రెండు పొరలు ఉంటాయి. కనెక్షన్లు, సర్వీసులు చూసుకునే హోస్ట్ పొర చిప్ ఏదైనా దాదాపు ఒకటే. గాలిలోకి సంకేతాలు పంపే కంట్రోలర్ పొర మాత్రం ఆ చిప్‌లోని రేడియో మీద ఆధారపడుతుంది. నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52 వరుస చిప్‌లకు ఆ కంట్రోలర్ కూడా జెఫిర్‌లోనే ఓపెన్ సోర్స్‌గా దొరుకుతుంది, కానీ అది లో ఎనర్జీకి, అంటే తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ రకానికి మాత్రమే. ఈఎస్‌పీ32కు కంట్రోలర్ తయారీదారు ఇచ్చే బైనరీ ఫైళ్ల రూపంలో వస్తుంది, వాటిని జెఫిర్‌తో వాడే వెస్ట్ అనే సాధనంలోని వెస్ట్ బ్లాబ్స్ ఆదేశంతో విడిగా దించుకోవాలి. కనుక జెఫిర్‌లో బోర్డు ఉన్నంత మాత్రాన దాని బ్లూటూత్ ఉన్నట్టు కాదు. ఆ బోర్డు పేజీలో బ్లూటూత్ అని విడిగా రాసి ఉందో లేదో చూసుకోండి.

తిరిగి ఇవ్వబోతే, పిన్నులు సోల్డర్ చేశారు కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. అదనంగా డబ్బు కడితే ఈఎస్‌పీ32-సీ3 బోర్డులు ఇస్తామన్నారు. వాటిలో బ్లూటూత్ లో ఎనర్జీ ఉంది, క్లాసిక్ అనే పాత రకం బ్లూటూత్ లేదు. క్లాసిక్ వాడే హెచ్‌సీ-05 మాడ్యూల్‌తో నడిచే పాత సీరియల్ యాప్‌లు వాడుతున్నవారు ఈ తేడా తెలుసుకోకుండా సీ3 గానీ, అలాగే క్లాసిక్ లేని ఈఎస్‌పీ32-ఎస్3 గానీ కొంటే నాలాగే ఇబ్బంది పడతారు. నా బిల్లులో ‘బోర్డు, 24’ అని తప్ప చిప్ పేరు లేకపోవడంతో గట్టిగా అడిగే ఆధారం కూడా నా చేతిలో మిగల్లేదు.

దుకాణానికి మీ ల్యాప్‌టాప్, కేబుల్ తీసుకెళ్లండి. డబ్బు కట్టకముందే ఈఎస్‌పీటూల్‌తో చిప్ వివరాలు అడిగితే, అసలు ఈఎస్‌పీ32 అయితే ఫీచర్ల వరుసలో వైఫై పక్కన బీటీ అని, సీ3, ఎస్3 అయితే ఈఎస్‌పీటూల్ వెర్షన్‌ను బట్టి బీఎల్‌ఈ అని గానీ, బీటీ 5 (ఎల్‌ఈ) అని గానీ వస్తుంది (రెండూ లో ఎనర్జీ అనే అర్థమే). ఎస్2 అయితే అవేవీ ఉండవు. వైఫై పేర్లు కనిపించాయి కదా అని ఊరుకోకండి, నాకు చూపించింది అదే. బిల్లు మీద చిప్ పూర్తి పేరు రాయించుకోండి, ఒక బోర్డులో బ్లూటూత్ ఫోన్‌కు కనిపించేదాకా మిగతావాటికి సోల్డర్ పెట్టకండి. మొన్న శనివారం అటు వెళ్లినప్పుడు అదే తెల్ల స్టిక్కర్ ప్యాకెట్లు ఆ గల్లీలో ఇంకా వేలాడుతున్నాయి.