ఆయిల్ తాగే పాత కారు: పోస్తూ తిప్పాలా, సీల్స్ మార్చాలా, ఇంజిన్ దించాలా?

మా 2008 వ్యాగన్ ఆర్ విజయవాడ, తెనాలి మధ్య వారానికి రెండుసార్లు తిరుగుతుంది. నాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంజిన్ వేడెక్కకముందే ఆయిల్ ఎంతుందో చూపే గేజ్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూసి క్యాలెండర్ మీద రాస్తారు. ఆయన లెక్క ప్రకారం 800 కిలోమీటర్లకు అర లీటరు తగ్గుతోంది. ఆటోనగర్‌లో మొదట చూపించినతను బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ చేసి, "ఇంజిన్ దించాల్సిందే సార్" అనేశాడు. గుంటూరు బావది ఇంకా తేలిక మాట: "అమ్మేయరా, పీడా పోతుంది."

ఏది మేలో తేల్చే ముందు ఒకటి తెలియాలి. ఆయిల్ కారుతోందా, కాలుతోందా?

కారడం కనిపెట్టడం తేలికే అనుకున్నాను. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరిచాం. పొద్దున రెండు గోధుమరంగు మరకలు. (ఎండాకాలం పగలు బండి కింద కనిపించే నీటి మడుగు ఏసీది, దానికి కంగారు పడకండి.) కింద దూరి చూస్తే ఆయిల్ సంపు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, అంతా తడి. కానీ సంపు ప్యాకింగ్ (అతుకులోంచి ఆయిల్ కారకుండా పెట్టే పట్టీ) మార్చేస్తే డబ్బులు దండగయ్యేవి. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి పరుగులో గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే ఇంజిన్ శుభ్రంగా కడిగించి, రెండు రోజులు తిప్పి, తడి ఎంత పైనుంచి మొదలైందో చూశాం. ఇంజిన్ నెత్తిన ఉండే మూత, టాపెట్ కవర్, దాని అంచు దగ్గర. అక్కడి ప్యాకింగ్ రబ్బరు ఎండి గట్టిపడిపోయింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వచ్చే మాడు వాసన కూడా దానిదే, కారిన చుక్క పొగ బయటికి పోయే వేడి గొట్టం (మానిఫోల్డ్) మీద పడుతోంది. ప్యాకింగ్ మార్చడం గంట పని, మార్పించాం.

అయినా గేజ్ తగ్గుతూనే ఉంది. అంటే కాలుతోంది కూడా.

దీనికి కనకదుర్గ ఫ్లైఓవర్ బాగా పనికొచ్చింది. బావ బైక్ మీద వెనకే వచ్చాడు. నేను యాక్సిలరేటర్ వదిలేసి బండిని వాలులో దింపి, కిందికి రాగానే తొక్కాను. సరిగ్గా అప్పుడు నీలం పొగ గుప్పున వచ్చి ఆగిపోయిందట. ఎక్కేటప్పుడు మాత్రం ఏమీ లేదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ లోపల లాగుడు ఎక్కువై, అరిగిన వాల్వ్ సీల్స్ (వాల్వు కాడ చుట్టూ ఆయిల్‌ను ఆపే చిన్న రబ్బర్లు) సందులోంచి ఆయిల్ లోపలికి దిగుతుంది, మళ్లీ తొక్కగానే కాలుతుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక గుప్పెడు నీలం పొగ వదిలినా అనుమానం సీల్స్ మీదే. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోతే అలా కాదు, లోడ్ మీద, ఎక్కుడులో ఆగకుండా పొగ కొడుతుంది. చిక్కటి తెల్ల పొగ వస్తూ రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే ప్యాకింగ్) కథ, అది వేరే రోగం.

రెండో మెకానిక్ కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చూశాడు. నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానం. ఏదైనా తక్కువుంటే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఒక మెలిక ఉంది. రింగుల్లో సిలిండర్ గోడ మీది ఆయిల్ గీకే ఆయిల్ రింగులు మసి పట్టి బిగుసుకుపోయినా కంప్రెషన్ బాగానే చూపించవచ్చు. అందుకే పొగ సాక్ష్యం కూడా కలిపి చూడాలి.

ఇక పోలిక. పోస్తూ తిప్పడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా పర్వాలేదని కొన్ని కంపెనీల మాన్యువల్సే అంటాయి. నెలకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే బండికి నేనైతే ఇదే చెబుతాను. కాకపోతే కాలిన ఆయిల్ ప్లగ్గులకు మసి పట్టిస్తుంది, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. గేజ్ చూడటం ఒక్క నెల మరిచిపోతే ఇంజిన్‌కే ముప్పు. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగేదాకా ఆగుదాం అనుకోవద్దు, అది చెప్పేది ప్రెషర్ గురించి, లెవెల్ గురించి కాదు. వెలిగాక "ఇంటిదాకా పోదాం" అన్నా ఇంజిన్ పట్టేయవచ్చు. చిక్కటి 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ పోస్తే తాగుడు కొంత తగ్గుతుంది, మన వేడికి ఫర్వాలేదు కూడా, కానీ అరిగింది మళ్లీ పెరగదు.

ఫుల్ ఇంజిన్ అంటే బోరింగ్ (అరిగిన సిలిండర్లను చెక్కి సాపుచేయడం), కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, లేత్ పని. చేతి పని బాగుంటే ఏళ్ల తరబడి బండి వైపు చూడక్కర్లేదు. కానీ మా బండికి పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ అయిదేళ్లకు రెన్యువల్ అయింది, 2028లో మళ్లీ ఫిట్‌నెస్. అంతకోసం బండి ధరలో పెద్ద వాటా ఇంజిన్‌లో పోయడం నాకు నచ్చలేదు. రింగులు పోయాయని తేలినా, రోజూ హైవే మీద తిరిగే బండి అయినా అప్పుడు లెక్క మారేది.

మేం సీల్స్‌కే ఓటేశాం. సిలిండర్‌లోకి గాలి పట్టించి వాల్వు కిందికి జారకుండా ఆపితే చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే మార్చవచ్చు. వాల్వు కాడ కదిలే గొట్టాలు, అంటే గైడ్లు, వదులైపోయి ఉంటే మాత్రం కొత్త సీల్స్ ఎక్కువ కాలం నిలవవు. ఆ మాట మెకానిక్ ముందే చెప్పాడు, అందుకే అతన్ని నమ్మాను.

ఇప్పుడు 1,500 కిలోమీటర్లకు పావు లీటరు. నాన్న ఆదివారం రాత మాత్రం ఆపలేదు. బావ తన డీజిల్ కారు తీసుకుని వచ్చే వారం వస్తానన్నాడు, నల్ల పొగ కొడుతోందట.