గుట్ట తొవ్వకు మొరం, కంకర: మినీ ట్రాక్టర్ వెనక బ్లేడుతో మూడు వానాకాలాలు

24 హెచ్‌పీ ఫోర్‌వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్, వెనక త్రీ పాయింట్ లింకేజీకి (పనిముట్టును తగిలించి ఎత్తి దించే మూడు చేతులు) 5 అడుగుల బ్లేడు. దేవరకొండ వైపు, గుట్టవార బత్తాయి తోటకు ఎక్కే 8 అడుగుల వెడల్పు తొవ్వ మీద వాడకం. నిటారు చోట్ల 8 అడుగులకు ఒక అడుగు లేస్తుంది. పరవడానికి ఈ జత చాలా బాగుంది. అణచడానికి మాత్రం దీని బరువు చాలదు.

బ్లేడు 5 అడుగులదే తీసుకోండి. ఒక కొన ముందుకు, ఇంకో కొన వెనక్కు వచ్చేలా 30 డిగ్రీలు వాల్చితే నేల మీద 4 అడుగుల 4 అంగుళాలే గుంజుతుంది, అయినా టైర్ల జాడ కప్పుతుంది. 4 అడుగులదైతే అంతే వాల్చినప్పుడు మూడున్నర అడుగులకు పడిపోయి టైరు గీతలు మిగులుతాయి.

100 ఘనపుటడుగుల ట్రాలీ 3 అంగుళాల మందాన 50 అడుగుల తొవ్వకు వస్తుంది. 6 అంగుళాలు ఒక్కసారే పోయొద్దు. పైపైన గట్టిపడ్డట్టు కనిపిస్తుంది, లోపల వదులే. గట్టి వాన పడితే జారిపోతుంది. అడుగున మొరం, అది అణిగినాక 20 ఎంఎం కంకర డస్టుతో (రాతిపొడి) కలిపి. వట్టి కంకర టైరు కింద గోళీల్లా దొర్లుతుంది. డస్టు సందుల్లోకి దిగితేనే పట్టు. మొరం పిడికిట పిసికితే ఉండ కట్టాలి, వేళ్లకు బురద అంటొద్దు. తొలకరి తర్వాత ఆ తడి దానంతటదే దొరుకుతుంది.

ట్రాలీ ఎత్తు వైపు ఖాళీ చేయించి, లో ఫస్ట్ గేర్లో దిగుతూ పరవాలి. ఫోర్‌వీల్ వేసే ఉండాలి: బ్రేకులు వెనక చక్రాలకే, ఫోర్‌వీల్ ఉంటేనే ముందువీ ఆపుతాయి. రెండు బ్రేకు పెడళ్లు ఒకేసారి పడేలా వాటిని కలిపే లాచ్ వేయండి. దిగేటప్పుడు క్లచ్ తొక్కొద్దు. తిరిగి పైకి రివర్సులోనే. బ్లేడు ఎత్తి ముందుకు ఎక్కితే ముందు చక్రాలు తేలి, స్టీరింగ్ ఉత్తగా తిరుగుతుంది.

పెద్ద ఇబ్బంది, పరిచిన తొవ్వ అలలు అలలుగా రావడం. ట్రాక్టర్ పొట్టిది కాబట్టి చక్రం గడ్డ ఎక్కిన ప్రతిసారీ బ్లేడు లేచి దిగుతుంది. డ్రాఫ్ట్ లివర్ వాడితే మరీ ఎక్కువ, ఎందుకంటే లోడు పెరగ్గానే బ్లేడును అదే ఎత్తేస్తుంది. బ్లేడును పెట్టిన ఎత్తులోనే ఉంచే పొజిషన్ లివర్, నడక వేగం, వాల్చిన బ్లేడు: వీటితో చాలావరకు తగ్గుతుంది. లింకేజీ చేతులు పక్కలకు ఊగకుండా ఆపే చెక్ చైన్లు వదులుంటే బ్లేడు పల్లం వైపు పోతుంది. బ్లేడు కింది అంచు పట్టీ బోల్టులు పని మొదలుపెట్టే ముందు రోజూ బిగించాలి; ఒక అంచు అరిగితే పట్టీ తిప్పి వేసుకోవచ్చు.

నీళ్ల సంగతే అసలు పని. కుడి లిఫ్ట్ రాడ్ (లింకేజీ చేతిని పైనుంచి పట్టే కడ్డీ) హ్యాండిల్ తిప్పి బ్లేడు ఒక పక్కకు దించి, తొవ్వ నడుమ అంచులకన్నా 2 అంగుళాలు ఎత్తు నిలపండి. నిటారు చోట్ల 30 అడుగులకొకటి ఏటవాలుగా అడ్డగట్టు వేయండి. లేకుంటే నీళ్లు టైరు జాడ పట్టి కయ్య కోస్తాయి.

అణచడానికి పెద్ద ట్రాక్టర్‌ను నిండు ట్రాలీతో జాడ మార్చి మార్చి తిప్పించాలి. 6 అడుగులకు అడుగు మించి లేచే ముక్కలో కంకర నిలవదు. అక్కడ రెండు టైరు జాడలకు కాంక్రీటు పట్టీలు పోసుకోండి.