మెషీన్‌కి నాలుగు స్టార్లు, అమ్మిన షాపుకి ఒక్కటి

ఈ ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొని రెండేళ్లు దాటింది. ఎన్ని కేజీలు, ఎంత స్పీడు, ఎన్ని ప్రోగ్రాములు అన్నవి ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. బట్టలు బాగా ఉతుకుతుంది. పిల్లల యూనిఫాం కాలర్లు రుద్దే పని తప్పింది, అది చాలు నాకు. చప్పుడు కూడా తక్కువే, పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నా వేసుకోవచ్చు. నా కోపమంతా దాన్ని అమ్మిన షోరూం మీద. అంత పెద్ద షాపులో, అంతమంది సేల్స్ వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా "మీది ఎన్నో ఫ్లోర్ మేడమ్?" అని అడగలేదు.

మాది నిజాంపేట వైపు, కింద పార్కింగ్‌కి వదిలిన స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేముండేది ఐదో ఫ్లోర్. మా నెత్తి మీద స్లాబు, స్లాబు మీద ట్యాంకు. హైదరాబాద్‌లో ఇలాంటి బిల్డింగులు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి, ప్రతి బిల్డింగులోనూ ఒక టాప్ ఫ్లోర్ ఉంటుంది. అంటే మా సమస్య ప్రపంచంలో మాకొక్కరికే వచ్చే వింత సమస్య కాదు.

షోరూంలో మమ్మల్ని పట్టుకున్న కుర్రాడు వాషింగ్ మెషీన్ కంపెనీ టీషర్టు వేసుకున్నాడు, మెడలో మాత్రం షాపు ట్యాగ్ ఉంది. ఈ షాపుల్లో చాలామంది షాపు ఉద్యోగులు కారు. ఒక్కో కంపెనీ పెట్టుకున్న ప్రమోటర్లు. వాళ్ల కంపెనీ పీస్ అమ్మితేనే వాళ్లకు ఇన్సెంటివ్. అందుకే మనం పక్క మెషీన్ వైపు చూస్తే చాలు, "అది సర్వీస్ ప్రాబ్లమ్ మేడమ్" అనేస్తారు. ఆ అబ్బాయి చెప్పిందంతా మా ఆయనకు చెప్పాడు. మా ఇంట్లో ఆయన బట్టలు ఉతికిన సందర్భం నాకు గుర్తు లేదు. నా వైపు తిరిగింది ఒక్కసారే, చీరలకు వేరే ప్రోగ్రాం ఉందని చూపించడానికి.

నేను రెండు ప్రశ్నలు అడిగాను. కరెంట్ పోతే ఏంటి అంటే, "ఇన్వర్టర్ మోటార్ మేడమ్, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీదే నడిచేస్తుంది" అన్నాడు. మోటార్ స్పీడు మార్చడానికి ఉన్న ఇన్వర్టర్‌కీ ఇంట్లో బ్యాటరీ పెట్టుకునే ఇన్వర్టర్‌కీ సంబంధం లేదు. పైగా వేడినీళ్ల ప్రోగ్రాం పెడితే లోపలి హీటర్ ఒక్కటే రెండు వేల వాట్ల దాకా లాగుతుంది. ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఆ లోడ్‌కి ట్రిప్ అవుతుంది. రెండోది, మావి బోరు నీళ్లు, తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, పర్వాలేదా అని. "డ్రమ్ స్టెయిన్‌లెస్ స్టీల్, ఏం కాదు" అన్నాడు. ఉప్పు పేరుకునేది ముఖ్యంగా హీటర్ మీద, డ్రమ్ స్టీలైతే దానికేం ఒరిగింది? తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం, అంటే ఇలా పేరుకునే ఉప్పు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరు నీళ్లు ఆ రెండో అంకెకే దగ్గర. నెలకోసారి ఆ ఉప్పు వదిలించే డీస్కేలింగ్ పౌడర్ వేసి ఖాళీ డ్రమ్ తిప్పాలన్న సంగతి తర్వాత సర్వీస్ అతను చెబితేనే తెలిసింది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ విషయంలో మాత్రం అబ్బాయికి అక్షరం పొల్లుపోలేదు. ఎంత కడితే ఎన్నేళ్లు, కార్డు మీద ఎంత తగ్గుతుంది, ఈఎంఐలో ఎలా కలుపుతారు, అన్నీ కంఠతా వచ్చు. షాపు ఏ పాఠం మీద శ్రద్ధ పెట్టి నేర్పిందో అక్కడే అర్థమైపోవాలి.

డెలివరీ త్వరగా ఇచ్చారు. కంపెనీ నుంచి వచ్చిన ఇన్‌స్టలేషన్ అబ్బాయి దారిలో డ్రమ్ కదలకుండా బిగించిన ట్రాన్సిట్ బోల్టులు తీసి, పైపు బిగించి, కొద్ది నిమిషాలు నడిపి చూపించి వెళ్లిపోయాడు. మొదటి వారం సంబరమే. ఆ ఊపులో షాపుకి ఫుల్ స్టార్లు కూడా ఇచ్చేశాను, కౌంటర్ దగ్గర అమ్మాయి ఫోన్ తీసుకుని మరీ అడిగింది కదా అని.

తర్వాత మొదలైంది. మధ్యాహ్నం బట్టలు వేసి పడుకుంటే, లేచేసరికి మెషీన్ ఆగిపోయి కుయ్యిమంటూ ఉండేది. స్క్రీన్ మీద ఎర్రర్. డోర్ లాక్. లోపల సగం తడిసిన బట్టలు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి నడిచేది, ఒక్కోసారి మళ్లీ అదే. వింతేమిటంటే పొద్దున్నే వేస్తే ఏ గొడవా లేదు. ఆదివారం అందరూ ఇంట్లో ఉండే రోజైతే దాదాపు ఖాయంగా ఆగేది.

షోరూంకి ఫోన్ చేస్తే "బిల్లయ్యాక కంపెనీ వాళ్లే చూసుకుంటారు" అన్నారు. కంపెనీ నంబర్‌కి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. విసుగొచ్చి నేరుగా షాపుకే వెళ్లాను. అక్కడి ఫ్లోర్ మేనేజర్ ఎర్రర్ ఫొటో కూడా సరిగా చూడకుండా, "వోల్టేజ్ ఫ్లక్చుయేషన్ మేడమ్, టాప్ ఫ్లోర్లలో మామూలే, స్టెబిలైజర్ పెట్టండి" అన్నాడు. పై ఫ్లోర్ అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది చూడండి, అయినా విషయం తట్టలేదు. పై ఫ్లోర్‌కీ వోల్టేజ్‌కీ లింకేంటో నాకు ఇప్పటికీ తెలియదు. స్టెబిలైజర్ కూడా అక్కడే అంటగట్టారు. తెచ్చి పెట్టాం. ఎర్రర్ ఎప్పటిలాగే వచ్చింది. ఆ స్టెబిలైజర్ ఇప్పుడు అటక మీద ఉంది.

చివరికి కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు, కాస్త వయసున్న మనిషి. మెషీన్ మూత కూడా తీయలేదు. ఎర్రర్ చూసి, "మీది లాస్ట్ ఫ్లోరా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. బకెట్ అడిగి, మెషీన్ పైపు పీకేసి, ట్యాప్ కింద బకెట్ పెట్టి ఫోన్‌లో టైం చూశాడు. ఆ ధార చూస్తే నాకే సిగ్గేసింది. అది నీళ్లు అందడం లేదని చెప్పే ఎర్రర్ అట. వాల్వ్ తెరిచిన తర్వాత ఇంత టైంలోపు ఇంత మట్టానికి నీళ్లు రావాలి, రాకపోతే మెషీన్ ఆగిపోతుంది. మాన్యువల్ తీసి చూపించాడు, కనీస ప్రెషర్ 0.5 బార్ అని చిన్న అక్షరాల్లో ఉంది.

లెక్క చాలా తేలిక. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే సుమారు ఒక బార్ ప్రెషర్. అంటే అర బార్ కావాలంటే ట్యాప్ కన్నా ఐదు మీటర్లు పైన నీళ్లుండాలి. మా యుటిలిటీలో ట్యాప్ నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉంది, స్లాబు పదడుగులు, దాని మీద స్టాండు మూడడుగులు. ట్యాంకు అడుగు నుంచి ట్యాప్ దాకా పది అడుగులు, అంటే మూడు మీటర్లు. నిండు ట్యాంకు ఉంటే ఇంకో మీటరో మీటరున్నరో కలుస్తుంది. పొద్దున వాచ్‌మన్ మోటార్ వేసి ట్యాంకు నింపాక మెషీన్ ఏదో నెట్టుకొచ్చేది. మధ్యాహ్నానికి మట్టం దిగిపోయేది, ఆదివారమైతే ఇంకా తొందరగా. మా కింద ఫ్లాట్లో ఉంటే ఇంకో పదడుగులు కలిసేవి, ఈ సమస్యే ఉండేది కాదు. మా ఆడపడుచు వాళ్లది రెండో అంతస్తు, ఇదే మోడల్, ఒక్క రోజూ ఆగలేదు.

"మెషీన్‌లో లోపం లేదమ్మా, నేను రాసేది కూడా అదే" అన్నాడు టెక్నీషియన్. రాశాడు కూడా. ఆ కాగితంతో షాపుకి వెళ్తే, తయారీ లోపం కాదు కాబట్టి రీప్లేస్‌మెంట్ లేదు, ఇన్‌స్టలేషన్ అయింది కాబట్టి రిటర్న్ లేదు. మార్చి వేరేది తీసుకుంటాం, తేడా ఉంటే కడతాం అన్నా వినలేదు. ఒళ్లు మండిందెప్పుడంటే, అదే వరసలో నాలుగు మెషీన్ల అవతల ఒక టాప్ లోడ్ మీద తక్కువ నీటి ప్రెషర్‌లోనూ నిండుతుందని స్టిక్కర్ కనబడినప్పుడు. కొనేరోజు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. కానీ అది వేరే కంపెనీది, మన ప్రమోటర్ దాని దగ్గర ఎందుకు ఆగుతాడు?

ఆ అబ్బాయి కోసం చూశాను. ఫ్రిజ్‌ల దగ్గర కనిపించాడు, టీషర్టు రంగు మారింది. వేరే కంపెనీ. నన్ను గుర్తుపట్టి నవ్వాడు, "ఎలా ఉంది మేడమ్ మెషీన్?" అని కూడా అడిగాడు. అతని మీద నాకు పెద్దగా కోపం రాలేదు. నెలాఖరు టార్గెట్లతో బతికే పిల్లాడు, నీళ్ల ప్రెషర్ గురించి ఎవరూ చెప్పి ఉండరు. షోరూంలో టీవీలు ఆన్ చేసి ఉంచుతారు, సౌండ్‌బార్లు మోగిస్తారు. వాషింగ్ మెషీన్లకు మాత్రం ట్యాపు ఉండదు. ఒక్క మెషీన్‌కైనా నీళ్లు పెట్టి నడిపి చూడని వాళ్లు నడిచే తీరు గురించి ఏం చెబుతారు?

అసలు సేల్స్‌మన్ అంటే ఎలా ఉండాలో నేను చూసింది రాణిగంజ్‌లో. ప్రెషర్ పంపు కోసం వెళ్లాం. మోటార్ల మధ్య మనిషి పట్టేంత సందు ఉన్న షాపు, ఏసీ లేదు, కుర్చీ లేదు. మేం నోరు తెరవకముందే పెద్దాయన మొదలుపెట్టాడు. "ఏ ఫ్లోరమ్మా? ట్యాంకి స్టాండ్ మీదుందా, స్లాబ్ మీదనే ఉందా? ఇంటి మొత్తానికా, మెషీన్‌కొక్కదానికేనా? ట్యాంకి నీది ఒక్కదానిదా, అందరిదా?" అందరిదీ అంటే, మెయిన్ లైన్ మీద పెద్ద పంపు పెడితే అసోసియేషన్‌లో గొడవలొస్తాయి, వద్దన్నాడు. మెషీన్ ట్యాప్ దగ్గర పైపు మధ్యలో బిగించే చిన్న ఇన్‌లైన్ పంపు చాలన్నాడు. నీళ్లు కదిలితే దానంతటదే ఆన్ అవుతుంది, ఆగితే ఆఫ్ అవుతుంది. మేం చూపించిన ఖరీదైన పంపు చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశాడు. బోరు నీళ్లని చెబితే ముందు ఒక జాలీ ఫిల్టర్ కూడా ఇచ్చి, రెండు నెలలకోసారి విప్పి కడగమన్నాడు. పంపు, ఫిల్టర్, ప్లంబర్ అన్నీ కలిపి ఏడు వేల లోపే తేలింది. ఆ రోజు నుంచి నీళ్లు అందడం లేదన్న ఎర్రర్ మళ్లీ రాలేదు.

ఆ ఏడు వేలు షాపు ఇవ్వాలని నా వాదన. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. తెలుగులోనే మాట్లాడారు, నంబర్ ఇచ్చారు. షాపు నుంచి వచ్చిన జవాబు: కస్టమర్ తన ఇంటి పరిస్థితి ముందుగా తెలపలేదు. ఏం తెలపాలో తెలిసినవాళ్లు అడగాలి కదా! 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, కొన్న వస్తువు ఐదు లక్షల లోపుదైతే ఫీజు కూడా లేదు. మా ఆయన వద్దన్నారు, ఉద్యోగానికి సెలవులు పెట్టుకుని తిరగలేనన్నారు. నేను ఇంకా పూర్తిగా వదిలేయలేదు.

ఇక మెషీన్ సంగతి. చప్పుడు తక్కువ అన్నాను కదా, అది మెషీన్ వరకే. పంపు నీళ్లు లాగినప్పుడల్లా జుయ్యిమంటుంది, రాత్రి పదింటికి అది గోడ అవతల వాళ్లకు కూడా వినబడుతుంది. అందుకని రాత్రిపూట వేయడం మానేశాను. పిల్లలు పడుకున్నాక వేసుకోవచ్చన్నదే కొనడానికి నాకున్న పెద్ద కారణం. డీస్కేలింగ్ పౌడర్ ఖర్చు వేరే. కాలర్ల మురికి మాత్రం ఇప్పటికీ బాగా పోతోంది, లిక్విడ్ డిటర్జెంట్ వాడితేనే. డిటర్జెంట్ పౌడర్ వేస్తే మా నీళ్లకు సరిగా నురగ రాదు, నల్ల బట్టల మీద తెల్ల చారలు మిగులుతాయి.

కాబట్టి మెషీన్‌కి నాలుగు స్టార్లు, అది కూడా ట్యాంకు కింద రెండు మూడు అంతస్తులు దిగి ఉండేవాళ్ల లెక్కలో. టాప్ ఫ్లోర్ వాళ్లు, ఇండిపెండెంట్ ఇంట్లో స్లాబు మీదే ట్యాంకు పెట్టుకున్నవాళ్లు ముందు ట్యాప్ కింద బకెట్ పెట్టి చూసుకుని, మాన్యువల్‌లో కనీస ప్రెషర్ ఎంతో కంపెనీ సైట్‌లో చదివి కొనండి. షాపు వాడిని అడిగితే "ఏం కాదు" అంటాడు. షాపుకి ఒక స్టార్, డెలివరీ అబ్బాయిలు ఐదంతస్తులూ మోసుకొచ్చినందుకు. ఆ రోజు లిఫ్ట్ పని చేయలేదు.

మా ఫ్రిజ్ కూడా ముసలిదైపోయింది, దసరాకి మార్చాలి. మా ఆయన ఈఎంఐ కార్డు ఆ షోరూం చెయిన్‌లోనే ఉంది, ధర కూడా బయటికంటే అక్కడే కాస్త తక్కువ చెబుతున్నారు. బహుశా అక్కడే కొంటాం. స్టెబిలైజర్ మాత్రం ఇంట్లో ఒకటి ఉంది, అది ఫ్రిజ్‌కి పనికొస్తుందో లేదో వాళ్లను అడగదలుచుకోలేదు. మా వీధి ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తాను.