మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరా, పాలిమర్ కెపాసిటరా?

కెపాసిటర్ అంటే కరెంటు చార్జిని కాసేపు దాచిపెట్టుకునే భాగం. చూడ్డానికి ఈ రెండు రకాలూ అల్యూమినియం డబ్బాలే. తేడా లోపల ఉంది: మామూలు దాంట్లో ద్రవం, పాలిమర్‌లో ఘన పదార్థం. ఆ ద్రవం ఉన్నంతకాలమే మామూలు కెపాసిటర్ ఆయుష్షు. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది, చార్జి పట్టే సామర్థ్యం పడిపోతుంది, గ్యాస్ పుట్టి పైభాగం ఉబ్బుతుంది. నెత్తి మీద గీతలు పెట్టేది అందుకే. ఒత్తిడి మించితే అక్కడ చిరిగి గ్యాస్ బయటికి పోతుంది, పేలే ముప్పు తగ్గుతుంది. కారిన ద్రవం మాత్రం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది.

రెండింటికీ "105 డిగ్రీలు, 2000 గంటలు" అనే రాసి ఉండొచ్చు, అంటే అంత వేడిలో అన్ని గంటల ఆయుష్షు అని. 65 డిగ్రీల దగ్గర లెక్క మారిపోతుంది. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే మామూలు దాని ఆయుష్షు సుమారు రెట్టింపు, అంటే 32,000 గంటలు. పాలిమర్‌కు 20 డిగ్రీలకు పదింతలు, అంటే 2,00,000 గంటలు.

అందుకే మదర్‌బోర్డులో ప్రాసెసర్ పక్కన నేను పాలిమర్‌కే ఓటేస్తాను. అయితే దానికీ లోపాలున్నాయి: లీకేజీ కరెంటు (లోపలి నుంచి ఊరికే కారిపోయే కరెంటు) ఎక్కువే, ఒక్కోసారి నేరుగా షార్ట్ కూడా అవుతుంది.

పవర్ సప్లైలో 400 వోల్టులు ఉండే చోట వాడేది మామూలుదే. ప్లగ్ తీసేశాక కూడా అందులో చార్జి నిలిచి ఉంటుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటర్‌తో చూసుకోకుండా దయచేసి చెయ్యి పెట్టకండి.