వేవిళ్ళను తీసిపారెయ్యని నర్సింగ్ హోమ్

ఆరో వారంలో వాంతులు మొదలయ్యాయి. తొమ్మిదో వారానికి 54 కిలోల దాన్ని 49కి దిగాను. మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. ముందు చూపించుకున్న చోట "మొదటి కాన్పు కదమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అని గ్లూకోజ్ ఎక్కించి పంపేశారు. అత్తయ్య కూడా అదే నమ్మారు. నా మనసే బలహీనమేమోనని రాత్రుళ్ళు ఏడ్చేదాన్ని.

గుంటూరులో మా ఇంటి దగ్గరి ఈ నర్సింగ్ హోమ్‌కి అన్నయ్య తీసుకొచ్చాడు. డాక్టర్ మేడమ్ మొదట మూత్రం పరీక్ష చేయించారు. స్ట్రిప్ ముదురు వంకాయ రంగుకి తిరిగింది. "చూడండి, కీటోన్లు. తిండి అందక ఒంట్లో కొవ్వు కరుగుతోంది. ఇది మనసు జబ్బు కాదు" అని అత్తయ్యకే చూపించి చెప్పారు. సెలైన్ పెట్టే ముందు సిస్టర్ బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. రోజుల తరబడి తిండి లేని ఒంట్లోకి అది లేకుండా గ్లూకోజ్ వెళ్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందట. ముందు చోట ఆ ఇంజెక్షన్ ఇవ్వనేలేదు, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మర్నాడు మేడమ్ చీటీ వెనక, కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయ బొమ్మ గీశారు. అక్కడి నుంచి జీడీఎఫ్15 అనే హార్మోన్ తల్లి రక్తంలోకి వచ్చి, మెదడులో వాంతి పుట్టించే చోటును తాకుతుందట. కడుపు రాకముందు అది ఒంట్లో తక్కువగా ఉన్నవాళ్ళకి ఈ బాధ ఎక్కువట. "ఎండ ఎరగని మనిషిని రోహిణి కార్తెలో నిలబెట్టినట్టు" అన్నారు. ఇన్నాళ్ళూ కడుపుతో ఉన్నప్పుడు పెరిగే హెచ్‌సీజీ అనే ఇంకో హార్మోన్‌నే అనుమానించేవారనీ, ఈ సంగతి 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిందనీ చెప్పారు. ఆ పరిశోధన చేసినవాళ్ళలో ఒకరైన మార్లీనా ఫేజోకీ ఇదే జబ్బు వచ్చి, కడుపులో బిడ్డ పోయిందట. అది విని ఆమె కోసం కూడా ఏడ్చాను.

మూడు రోజులు సెలైన్, ఆ తర్వాత డాక్సిలమైన్, బీ6 కలిసిన మాత్ర. వాంతులు పూర్తిగా ఆగలేదు, కానీ నాలుగో రోజు పొద్దున ఒక ఇడ్లీ నిలిచింది. అత్తయ్య ప్లేటు పట్టుకుని పక్కనే కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు.

ఒక్క ఇబ్బంది ఉంది. డే కేర్ గది క్యాంటీన్ పక్కనే, పదకొండింటికి తాలింపు ఘాటు లోపలిదాకా వస్తుంది. వెళ్ళేవాళ్ళు వెనక కిటికీ దగ్గరి మంచం అడగండి, ఇస్తారు.