గ్రాండ్ మార్క్విసా, క్యామ్రీయా?

2010 మోడల్ గ్రాండ్ మార్క్విస్ (ఫోర్డ్ వాళ్ల మెర్క్యురీ బ్రాండ్ పెద్ద కారు) కొన్నాక గ్యాస్ స్టేషన్‌కి వెళ్లినప్పుడల్లా పక్కన ఆగిన టయోటా క్యామ్రీ వైపే చూపు పోతుంది. అధికారిక లెక్కల్లో సిటీలో దీనికి గ్యాలన్‌కి 16 మైళ్లు, అదే ఏడాది నాలుగు సిలిండర్ల క్యామ్రీకి 22. పార్కింగ్ సంగతి అడక్కండి.

హైవే ఎక్కాక మాత్రం లెక్క మారుతుంది. విడి ఛాసిస్ మీద కూర్చోబెట్టిన బాడీ, 4.6 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. గతుకులొచ్చినా పడవలా ఓసారి ఊగి ఊరుకుంటుంది. డిక్కీలో నాలుగు పెద్ద సూట్‌కేసులు పట్టేశాయి, పైన పిల్లల దుప్పట్లు కూడా. పోలీసు, ట్యాక్సీ బళ్లుగా తిరిగిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియాకి ఇది తోబుట్టువు, అందుకే మెకానిక్కులకి చేయి తిరిగిన బండి.

రోజూ సిటీలో తిరిగేవాళ్లయితే క్యామ్రీయే కొనుక్కోండి. నాది వారానికి రెండు ట్రిప్పులే. నేనైతే దీన్ని అమ్మను.