కళ్లు మండితే చుక్కల సీసానా, కంటి డాక్టరా?

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో కన్ను పొడిబారడం, ఇసుక పడ్డట్టు గరగరలాడటం ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాద్ దుమ్ములో బండి నడిపేవాళ్లయితే ముందుగా వెళ్లేది వీధి చివరి మెడికల్ షాపుకే.

వట్టి పొడిదనమే అయితే అది తప్పేమీ కాదు. కృత్రిమ కన్నీటి చుక్కలు ఊరటనిస్తాయి. రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సివస్తే ప్రిజర్వేటివ్ (చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివి అడగండి. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వాడొద్దు. హెర్పిస్ వైరస్ నల్లగుడ్డును పుండు చేసి ఉంటే, స్టెరాయిడ్ ఎరుపును తగ్గించి లోపల పుండును పెంచుతుంది.

డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరికరం) కింద చూస్తే, వట్టి పొడిదనమా, వేరే జబ్బా అన్న తేడా తెలుస్తుంది. నుదుటికి ఒకవైపే నొప్పితో పొక్కులు వచ్చి, ముక్కు కొన దాకా పాకితే అది హెర్పిస్ జోస్టర్ (సర్పి) కావచ్చు. యాంటీవైరల్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. తెల్లగుడ్డు మీద పెరిగే కండ మామూలు పొర అనిపించినా, హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది క్యాన్సర్‌కు తొలిమెట్టు కావచ్చు. ఏ చుక్కల సీసా దాన్ని పట్టుకోలేదు.

నన్నడిగితే నొప్పి, చూపు మసక, వెలుతురు పడకపోవడం, పొక్కులు, కండ, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఆసుపత్రికే. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. హెచ్‌ఐవీ సంగతి చెప్పుకోవాలంటే టెన్షన్ సహజమే, కానీ 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే చికిత్స) మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.